ఎత్తుకు తగ్గ బండి: మీ ప్రశ్నలు, నా జవాబులు

తక్కువ ఖర్చులో అడ్వెంచర్ బైకు (రోడ్డు మీదా, మట్టీ రాళ్ల దారుల్లోనూ నడిచే ఎత్తైన బండి) కొనాలనుకునేవాళ్ల నుంచి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. సగానికి పైగా ఉత్తరాల్లో ఒకటే దిగులు: "కాలు అందుతుందా?" నేను పన్నెండేళ్లుగా మట్టిదారుల మీద బండి నడపడం నేర్పుతున్నాను. నా ఎత్తు 157 సెంటీమీటర్లు. ఈ దిగులేమిటో నాకు బాగా తెలుసు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: అక్కా, నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. రెండేళ్లు డబ్బు కూడబెట్టి ఇప్పుడు బండి కొనబోతున్నాను. మనసంతా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 మీదే ఉంది. షోరూంలో ఎక్కి కూర్చుంటే రెండు కాళ్లూ మునివేళ్ల మీదే నిలిచాయి. అక్కడి కుర్రాడు "అలవాటైపోతుంది సార్" అన్నాడు. మా అన్నయ్య "నీ ఎత్తుకి ఆ బండి కుదరదు, పడేస్తావ్" అంటున్నాడు. ఎవరి మాట వినను?

జవాబు: తమ్ముడూ, ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టి ముందు నీ కాలి పొడవు కొలుచుకో. చెప్పులు విప్పి గోడకి వీపు ఆనించి నిలబడు. పాదాల మధ్య జానెడు ఎడం ఉంచు. గట్టి అట్ట ఉన్న పుస్తకం తీసుకుని, దాని అంచు గోడకి ఆనించి, కాళ్ల మధ్యనుంచి పైకి జరుపు. సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత గట్టిగా తగులుతుందో అంత గట్టిగా తగలాలి. పుస్తకం పైఅంచు దగ్గర గోడ మీద పెన్సిల్ గీత పెట్టి, నేలనుంచి గీత దాకా కొలువు. ఒకే ఎత్తున్న ఇద్దరికి ఈ కొలతలో నాలుగైదు సెంటీమీటర్ల తేడా వస్తుంది. నా దగ్గర నేర్చుకున్న అన్నదమ్ముల్లో తమ్ముడు అన్న చెవి దాకా వచ్చేవాడు, కాళ్లు మాత్రం ఇద్దరివీ సమానం. అన్నకి అందని బండి తనకీ అందదనుకుని తమ్ముడు ఏడాదిపాటు కొనకుండా ఆగిపోయాడు.

నీకు 74 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. బూటు అడుగు మందం మూడు కలిపితే 77. హిమాలయన్ 450 సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, అంటే 82.5 సెంటీమీటర్లు. లెక్కకి అయిదున్నర తక్కువైంది. కానీ ఆ 825 ఖాళీ బండి కొలత. నువ్వు కూర్చోగానే స్ప్రింగులు కుంగుతాయి. ఈ బండి సస్పెన్షన్‌కి ముందూ వెనకా 200 మిల్లీమీటర్ల ట్రావెల్, అంటే కుంగగలిగే దూరం, ఉంది. మామూలు బరువున్న మనిషి కూర్చుంటే మూడు నాలుగు సెంటీమీటర్లయినా దిగుతుంది. లోటు చాలావరకు అక్కడే పూడిపోతుంది.

అప్పుడు సీటు వెడల్పు అడ్డొస్తుంది. నిచ్చెన అడుగుభాగాన్ని గోడకి దూరంగా జరిపితే పై కొస కిందికి జారుతుంది కదా, కాళ్ల సంగతీ అంతే. సీటు ఎంత వెడల్పుంటే తొడలు అంత విడిపోతాయి, కాలు అంత పొట్టిదైపోతుంది. అందుకే 800 మిల్లీమీటర్ల ఎత్తులో వెడల్పాటి సీటున్న బండి కంటే, 830 ఎత్తులో సన్నటి సీటున్న బండి మీద పాదం బాగా ఆనడం నేను చాలాసార్లు చూశాను. షోరూంలో సీటు ముందు భాగాన్ని, ట్యాంకుని ఆనుకునే చోట, చేత్తో తడిమి చూడు. కాళ్లు దిగేది అక్కణ్నుంచే. చాలా కంపెనీల కాగితాల్లో ఈ కొలత ఉండదు.

ఇక రెండు పాదాలూ ఒకేసారి నేలకి ఆనాలన్న పట్టుదల వదిలెయ్. ఆగేటప్పుడు సీటు మీద కొంచెం ఎడమకి జరిగి, ఎడమ పాదం కింద పెట్టి, కుడికాలు బ్రేకు మీదే ఉంచడం నేర్చుకో. వాలులో ఆగితే కుడికాలికి ఎలాగూ బ్రేకు పని ఉంటుంది. అలా జరిగినప్పుడు ఎడమ పాదం మడమతో సహా ఆనితే, ఎత్తు విషయంలో ఆ బండి నీకు సరిపోయినట్టే. నువ్వు రెండు కాళ్లతో చూశావు. రేపు బూట్లు వేసుకుని మళ్లీ వెళ్లి ఒక కాలితో చూడు.

ఇంతవరకు నీ పక్షమే మాట్లాడాను. మీ అన్నయ్య మాటలో ఎత్తు సంగతి పొరపాటే గానీ, పడేస్తావన్న భయంలో నిజం ఉంది. ఆ భయం బరువు గురించి అయితే సరైనదే. ఈ బండి 196 కిలోలు. ట్యాంకులో 17 లీటర్లు పడతాయి, పెట్రోలు బరువే పన్నెండు కిలోలు దాటుతుంది, అదీ బండి పైభాగాన ఉంటుంది. హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ సీటు ఎత్తు కూడా సరిగ్గా 825. బరువు మాత్రం 160 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. పాత హిమాలయన్ 411 సీటు 800 మిల్లీమీటర్లే, ఎక్కగానే హాయిగా అనిపిస్తుంది. కానీ అది 199 కిలోల బండి. ఈ మూడింటినీ సీటు ఎత్తు ఒక్కటే చూసి వరసపెడితే తప్పు బండి దగ్గర తేలతావు.

నాకు ఎలా తెలిసిందో చెబుతాను. పదేళ్ల కిందట బరువైన బండి మీద, ట్యాంకు నిండా పెట్రోలుతో, వెనక సంచి కట్టుకుని, గులకరాళ్ల దారిలో దారి చూసుకుందామని ఆగాను. ఎడమకాలు దించాను. నేల ఉండాల్సిన చోట బెత్తెడు లోతు గుంట ఉంది. పాదం ఇంకా గాల్లోనే ఉండగా బండి వాలడం మొదలైంది. మొదటి రెండు మూడు అంగుళాలు ఆపగలననిపించింది. ఆ తర్వాత బరువంతా ఒక్కసారి తొడ మీదికి వచ్చింది, వదిలేసి పక్కకి దూకాను. క్లచ్ లివర్ విరిగింది. నాకేం కాలేదు. బండి అప్పటికి కదలడమే లేదు. అడ్వెంచర్ బైకులు ఎక్కువగా పడేది ఇలాగే, ఆగిన చోట. అప్పట్నుంచి ఆగబోయే ముందు చక్రం ఎక్కడ ఆగుతుందని కాకుండా పాదం ఎక్కడ పడుతుందని చూస్తాను. గట్టు ఉంటే గట్టు పక్కన ఆగుతాను.

కాబట్టి షోరూంలో ఇంకో పని చెయ్. సైడ్ స్టాండ్ మీదున్న బండిని నిటారుగా లేపి మళ్లీ వాల్చడం పదిసార్లు చెయ్. దిగి, పక్కన నిలబడి, పదడుగులు వెనక్కి నెట్టు. పదోసారికి చేతులు వణికితే నీకు ఇంకా తేలికబండి కావాలి. వణక్కపోతే 450 తీసుకో. దానికి కంపెనీయే ఇచ్చే లో సీటు ఉంది, 805 మిల్లీమీటర్లకి దిగుతుంది. అది బండితో పాటే అడుగు.

నన్నడిగితే, ఇంతవరకు మట్టిదారి ఎరగనివాళ్లకి మొదటి బండి తేలికైనదే ఉండాలి. మిగిలిన డబ్బుతో మంచి బూట్లు, హ్యాండ్ గార్డులు, ఇంజిన్ కింద పలక కొనుక్కో. రెండు రోజుల శిక్షణ తీసుకో. ఆ రెండు రోజులకి పెట్టే ఖర్చు విరగని లివర్ల రూపంలోనే వెనక్కి వస్తుంది.

ప్రశ్న: మేడమ్, నా దగ్గర సెకండ్ హ్యాండ్ కేటీఎం 390 అడ్వెంచర్ ఉంది, పాత మోడల్. సీటు 855 మిల్లీమీటర్లు. నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. మెకానిక్ "కిందికి దించేద్దాం, ఒక పూట పని" అంటున్నాడు. సీటు ఫోమ్ కోయిస్తే చాలదా అని మా ఆవిడ అడుగుతోంది. ఏది మంచిది?

జవాబు: మీ ఆవిడ చెప్పిందే ముందు చేయండి. అందులోనూ ఒక జాగ్రత్త ఉంది. ఉన్న సీటు జోలికి వెళ్లకండి. ఇలాంటిదే పాత సీటు ఒకటి సంపాదించి దాన్ని కోయించండి. నచ్చకపోతే అసలు సీటు ఉంటుంది, రేపు అమ్మేటప్పుడూ పనికొస్తుంది. కోసేవాడికి "ఇంత ఎత్తు తగ్గించు" అని చెప్పొద్దు. "ముందు భాగంలో రెండు అంచులూ గుండ్రంగా చెక్కు, మధ్యలో తక్కువ తియ్యి" అని చెప్పండి. ఎత్తులో రెండు సెంటీమీటర్లు పోయినా, అంచులు సన్నబడటం వల్ల కాలికి మూడు నాలుగు కలిసొచ్చినట్టు ఉంటుంది. మధ్యలో ఎక్కువ తీస్తే గంట ప్రయాణానికే కింద ప్లాస్టిక్ పలక తగులుతుంది. ఫోమ్ తీసిన మేరకు మోకాలు కూడా ఎక్కువ మడుస్తుంది. మీ ఎత్తుకి అది ఇబ్బంది కాదు.

తర్వాత షాక్ ప్రీలోడ్, అంటే వెనక స్ప్రింగు ముందే ఎంత బిగించి ఉందో, చూడండి. మీకు అమ్మినాయన వెనక మనిషితో, సామానుతో తిరిగి ఉంటే బిగించి పెట్టి ఉండొచ్చు. ఒంటరిగా నడిపేవాళ్లకి అది బండిని అనవసరంగా పైకి లేపుతుంది. మీ బరువుకి తగ్గట్టు సరిచేస్తే, నయాపైసా ఖర్చు లేకుండా ఒక సెంటీమీటరు దిగొచ్చు. మరీ వదులు చేసేయకండి. కూర్చున్నప్పుడు మొత్తం ట్రావెల్‌లో మూడోవంతుకి మించి కుంగకూడదు. మించితే గుంటలో పడ్డప్పుడు సస్పెన్షన్‌కి దిగడానికి చోటుండదు.

బండినే కిందికి దించడం ఆఖరి మాట. ఎందుకో చెప్పడానికి, ఒక శిక్షణకి వచ్చిన అమ్మాయి బండి సంగతి చెప్పాలి. వేరే మోడల్, వెనక షాక్‌ని లింకులతో కలిపే రకం (లింకేజీ ఉన్నది). ఒక వర్క్‌షాపులో పొడుగు లింకులు వేయించి వెనకభాగం మూడు సెంటీమీటర్లు దించారు. ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాలు) ముట్టుకోలేదు. సైడ్ స్టాండ్ కొయ్యలేదు. బండి కిందికి దిగింది, స్టాండ్ పొడవు అంతే ఉంది. దాంతో స్టాండ్ వేసినా బండి ఎడమకి వాలదు, దాదాపు నిటారుగా నిలబడుతుంది. టీ విరామంలో అందరం నీడకి వెళ్లాం. ఎవరో పక్కనుంచి వెళుతూ హ్యాండిల్‌కి భుజం తగిలించారు, బండి కుడివైపుకి పడిపోయింది. ముందు బ్రేకు లివర్ విరిగింది, రేడియేటర్ మూల నొక్కుకుపోయింది. ఆ అమ్మాయి తప్పు ఏమీ లేదు.

బండిని సర్ది నడిపి చూశాను. మలుపులో హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతోంది. వెనక దిగి ముందు పైకి లేవడంతో ఫోర్క్ వాలు పెరిగింది, హెడ్‌లైటు చెట్ల కొమ్మల మీద పడుతోంది. వెనక మనిషిని కూర్చోబెట్టి గతుకులో పోతే టైరు లోపలి మడ్‌గార్డుకి రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

మీరు తప్పక దించాల్సి వస్తే మెకానిక్‌తో ముందే మాట్లాడుకోండి. వెనక ఎంత దిగితే ముందు ఫోర్క్ గొట్టాలను క్లాంపుల్లో దాదాపు అంత పైకి జరపాలి. ఫోర్క్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు చక్రం గానీ మడ్‌గార్డు గానీ దేనికీ తగలకూడదు. సైడ్ స్టాండ్ కోసి మళ్లీ వెల్డింగ్ చేయాలి. చైను బిగువు కొత్తగా చూడాలి, హెడ్‌లైటు దించాలి. ఇవన్నీ ఒక పూటలో శ్రద్ధగా చేస్తాడా లేదా మీరే తేల్చుకోండి. ఇవన్నీ చేశాక కూడా బండి అడుగుభాగం రాళ్లకి అన్ని సెంటీమీటర్లు దగ్గరైందని మరచిపోవద్దు. రాళ్ల మీద నడపడానికేగా ఈ బండి కొన్నది.

నా వరస ఇది: బూట్లు, సీటు, ప్రీలోడ్. ఈ మూడూ అయ్యాక నెల రోజులు నడపండి. ఒక కాలితో ఆగడం అలవాటయ్యాక బండిని దించే మాట ఎత్తినవాళ్లు నాకు తారసపడలేదు.

ప్రశ్న: నేను 6 అడుగుల 2 అంగుళాలు. అందరూ పొట్టివాళ్ల కష్టాలే రాస్తారు. నాకు ఏ బండి ఎక్కినా గంటలో మోకాళ్లు పట్టేస్తాయి. నిలబడి నడిపితే నడుము విరిగిపోతుంది. బడ్జెట్ తక్కువ. నాకేమైనా దారి ఉందా?

జవాబు: ఉంది. మీ ఫిర్యాదులో న్యాయమూ ఉంది. పొడుగువాళ్లకి నేల సులభంగా అందుతుంది కాబట్టి "మీకేం, ఏ బండైనా సరే" అనేస్తారు. మీరు చూడాల్సింది సీటుకీ, కాళ్లు పెట్టుకునే ఫుట్‌పెగ్‌కీ మధ్య దూరం. మోకాలు మరీ ముడుచుకుపోతే నొప్పి పుడుతుంది. షోరూంలో పది నిమిషాలు పెగ్గుల మీద కాళ్లు పెట్టి కదలకుండా కూర్చోండి, స్నేహితుణ్ని పక్కనుంచి ఫోటో తీయమనండి. తొడ మోకాలి వైపు పైకి లేచినట్టు కనిపిస్తే ఆ బండి మీకు చిన్నదే.

హిమాలయన్ 450 సీటుని ఉన్నదున్నట్టుగానే 845కి లేపుకోవచ్చు. బీఎండబ్ల్యూ జీ 310 జీఎస్‌కి 850 ఎత్తు సీటు ఉండేది. పై ఉత్తరంలో ఆయన ఇబ్బంది పడుతున్న 855 మిల్లీమీటర్ల కేటీఎం మీకు వరం, సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. ఎక్స్‌పల్స్ 200 4వీ ప్రో సీటు 891. కొత్తవాళ్లు దాని దగ్గరికే రారు, మీరు హాయిగా ఎక్కి కూర్చుంటారు. సీటు పెంచుకునే అవకాశం లేని బండి అయితే ఫోమ్ కలిపి కుట్టించుకోవడం అన్నిటికంటే చవక. ఫుట్‌పెగ్గులు కిందికి దించే ముక్కలు కూడా అమ్ముతారు. రాళ్ల దారిలో అవి ముందే తగులుతాయి, అందుకే నేను సిఫారసు చేయను.

నడుము సంగతి హ్యాండిల్ ఎత్తుది. పెగ్గుల మీద నిలబడి, మోకాళ్లు కొద్దిగా సడలించి, చూపు ముందుకి పెట్టి చేతులు చాపండి. హ్యాండిల్ అందుకోవడానికి నడుము వంచాల్సి వస్తే రైజర్లు (హ్యాండిల్‌ను పైకి లేపే ముక్కలు) కావాలి. 20 నుంచి 30 మిల్లీమీటర్లు సరిపోతాయి. బిగించాక బండి న్యూట్రల్‌లో ఆన్ చేసి హ్యాండిల్‌ను ఆ చివరికీ ఈ చివరికీ తిప్పండి. క్లచ్ కేబుల్, బ్రేకు గొట్టం ఎక్కడా బిగుసుకోకూడదు. యాక్సిలరేటర్ కేబుల్ ఉన్న బండిలో, తిప్పినప్పుడు ఇంజిన్ చప్పుడు దానంతటదే పెరిగితే కేబుల్ లాగుతోందని అర్థం. అలాగే రోడ్డెక్కితే మలుపులో బండి మీ మాట వినదు.

హెల్మెట్ దగ్గర గాలి దడదడలాడుతుంటే ముందు గాలిని అడ్డుకునే ఎత్తైన అద్దం (విండ్‌స్క్రీన్) కొనేముందు, ఉన్న అద్దం తీసేసి ఒకసారి నడిపి చూడండి. అద్దం పైఅంచు నుంచి సుడి తిరిగిన గాలి సరిగ్గా పొడుగువాళ్ల గడ్డానికి తగులుతుంది. తీసేస్తే గాలి నేరుగా వస్తుంది, చప్పుడు తగ్గుతుంది. చాలామందికి ఇది పనిచేసింది.

ప్రశ్న: నేను 5 అడుగుల 1 అంగుళం, మావారు 5 అడుగుల 11. ఇద్దరం మార్చి మార్చి నడపడానికి ఒకే బండి కొనగలం. ఎవరి ఎత్తు చూసి కొనాలి?

జవాబు: మీ ఎత్తు చూసే, సందేహం లేదు. పొట్టి సీటు ఆయనకి మోకాలినొప్పి తెస్తుంది, దిగి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది. పొడుగు సీటు మిమ్మల్ని పడేస్తుంది. తేలికబండిని మీ కాలికి సరిపోయేలా ఎంచుకుని, రెండు సీట్లు పెట్టుకోండి. మీకు చెక్కించినది ఒకటి, ఆయనకి ఫోమ్ కలిపినది ఒకటి. తాళంతో ఊడే సీటైతే మార్చడం రెండు నిమిషాల పని. ఇద్దరూ కలిసి వెళ్లేటప్పుడు ప్రీలోడ్ బిగిస్తారు కదా, మర్నాడు మీరొక్కరే ఎక్కే ముందు వదులు చేయడం మరచిపోవద్దు. నిన్న ఆనిన కాలు ఇవాళ ఆనకపోతే కారణం అదే అయి ఉంటుంది. వెనక పెట్టె ఉన్నప్పుడు కాలు పైనుంచి తిప్పి ఎక్కడం కష్టమనిపిస్తే, సైడ్ స్టాండ్ మీద ఎడమ పెగ్గు ఎక్కి గుర్రం ఎక్కినట్టు ఎక్కండి. బరువైన బండి అయితే ముందు స్టాండ్ గట్టిగా ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: మేడమ్, నా బరువు 50 కిలోలు. ఎక్స్‌పల్స్ కొన్నాను, కాలు ఒకటి బాగానే ఆనుతుంది. కానీ ఎవరూ లేని చోట పడిపోతే ఎలా లేపాలి? ఈ భయంతో ఒంటరిగా వెళ్లలేకపోతున్నాను.

జవాబు: మీకంటే రెండు కిలోలు తక్కువున్న అమ్మాయి 190 కిలోల బండి లేపడం నా కళ్లారా చూశాను. చేతులతో లాగితే ఎవరివల్లా కాదు. ఇంట్లో, మెత్తటి నేల మీద, పక్కన ఒకరిని ఉంచుకుని సాధన చేయండి.

ముందు ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ నొక్కండి. సామాను విప్పేయండి. కుడివైపు పడి ఉంటే, లేపకముందే సైడ్ స్టాండ్ దించి ఉంచండి. గేరులో వేయడం కుదిరితే ఫస్ట్‌లో వేయండి, లేపేటప్పుడు చక్రం దొర్లదు. వాలులో పడితే చక్రాలు పల్లం వైపు వచ్చేలా బండిని నేల మీదే తిప్పండి. చక్రాలు మెరక వైపు ఉండగా లేపాలంటే బరువు చాలా ఎక్కువవుతుంది.

ఇప్పుడు హ్యాండిల్‌ను పడిన వైపుకి పూర్తిగా తిప్పండి. బండికి వీపు పెట్టి, గొంతుక్కూర్చుని, పిరుదులు సీటు అంచుకి ఆనించండి. ఒక చేత్తో కింది వైపు హ్యాండిల్ గ్రిప్పు, రెండో చేత్తో వెనక గ్రాబ్ రెయిల్ (వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే కమ్మీ) పట్టుకోండి. చేతులు చాచే ఉంచండి, వీపు వంచకండి. కాళ్లతో నేలని తంతున్నట్టు నెడుతూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వేయండి. మొదటి జానెడే బరువు. నడుం ఎత్తుకి వచ్చాక బండి దానంతటదే లేస్తున్నట్టు ఉంటుంది, అక్కడ తొందరపడకండి. ఎడమవైపు పడిన బండి అయితే అవతలివైపు స్టాండ్ ఉండదు, కాబట్టి నిటారుకి వచ్చేసరికి తొడతో ఆపండి. తర్వాత ఒక చేయి సీటు మీద ఉంచి, మెల్లిగా తిరిగి, ఎడమ పాదంతో స్టాండ్ దించండి.

లేచాక వెంటనే స్టార్ట్ చేయకండి. అయిదు నిమిషాలు నీళ్లు తాగి కూర్చోండి. ఈలోగా ఆయిలు కిందికి దిగుతుంది, మీ గుండెదడ కూడా. పెట్రోలు వాసన వస్తోందా, బ్రేకు లివర్ వంగిందా, హ్యాండిల్ రెండు వైపులా తిరుగుతోందా చూసి, అప్పుడు బటన్ నొక్కండి. ఇంట్లో అయిదుసార్లు లేపగలిగాక, ఆదివారం పొద్దున్నే ఒంటరిగా బయలుదేరండి.